గోవా ఆటిజం పరిశోధన మన ఇళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

బ్రాడీపేట లెక్చరర్ (గుంటూరు) – చర్చ మొదలుపెట్టినవారు

అందరికీ నమస్కారం. డాక్టర్ గౌరీ దివాన్ గారి బృందం చేసిన పరిశోధన గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ పెడుతున్నాను. ఆవిడ పిల్లల డాక్టరు. గోవాలో సంగత్ అనే సంస్థలో ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం పనిచేస్తున్నారు. నేను చెప్పే పరిశోధన పేపర్ 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. లివర్‌పూల్ నుంచి ఆతిఫ్ రహ్మాన్, మాంచెస్టర్ నుంచి జొనాథన్ గ్రీన్ కూడా అందులో ఉన్నారు. దాన్ని పాస్ ట్రయల్ అంటారు.

గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి 2 నుంచి 9 ఏళ్ల లోపు, ఆటిజం (మాట కలపడం, నలుగురితో మెలగడం వేరుగా ఉండే ఎదుగుదల తేడా) ఉందని తేలిన 65 మంది పిల్లల్ని తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. 33 మందికి అక్కడ మామూలుగా దొరికే వైద్యమే. మిగతా 32 కుటుంబాలకు దాంతోపాటు ఇంకొక సాయం అందింది. ఒక ఆరోగ్య కార్యకర్త ఆరు నెలల్లో 12 సార్లు తల్లితోనో తండ్రితోనో కూర్చుంటారు. ఆ కార్యకర్త డాక్టరు కాదు, స్పీచ్ థెరపిస్టు కాదు. శిక్షణ ఇచ్చి పంపిన మనిషి, పైన నిపుణులు చూసుకుంటూ ఉంటారు. పిల్లాడికి నేరుగా థెరపీ చెయ్యరు. పిల్లాడితో ఎలా మెలగాలో పెద్దవాళ్లకు చూపిస్తారు.

8 నెలల తర్వాత అమ్మానాన్నలు పిల్లలతో ఆడుకుంటున్న వీడియోలు చూసి కొలిచారు. ఏ వీడియో ఏ గుంపుదో కొలిచేవాళ్లకు తెలియదు. సాయం అందిన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల ధ్యాస ఎటుందో చూసి దానికి తగ్గట్టు మాట్లాడటం బాగా పెరిగింది. పిల్లలు తమంతట తాము దగ్గరికి రావడం, చూపించడం, అడగడం కూడా పెరిగింది. ఒకటి తగ్గింది. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస నిలిపే సమయం తగ్గింది. ఆ సంగతి వాళ్లు ఎక్కడో లోపల దాచలేదు, సారాంశంలోనే రాశారు. నాకు ఆ పేపర్ మీద గౌరవం కలిగింది అక్కడే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మన విజయవాడ, గుంటూరులో అమ్మానాన్నలు ఇంట్లో చేసేదాన్ని అదనపు పనిగా చూస్తారు, థెరపీ సెంటర్‌లో జరిగేదే అసలు వైద్యం అనుకుంటారు. ఈ పరిశోధన చూశాక ఇంట్లో జరిగేదానికి మనం ఇచ్చే విలువ చాలా తక్కువ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

భవానీపురం అమ్మ (విజయవాడ)

మేడం, చదివాను. బాగుంది. కానీ నాకు ముందు భయమే వేసింది. ఇప్పటికే మా ఇంట్లో అన్నీ నా మీదే ఉన్నాయి. పాపకు మాట రాకపోతే నేను సరిగ్గా మాట్లాడించలేదంటారు, తినకపోతే నేను అలవాటు చెయ్యలేదంటారు. ఇప్పుడు థెరపీ కూడా తల్లే చెయ్యాలి అని పేపర్లో వచ్చిందంటే, రేపు మా ఆయన సెంటర్ మాన్పించి "నువ్వే చెయ్యి" అంటారు. మేం వెళ్లే సెంటర్‌లో తలుపు వేసేసి లోపల చేస్తారు. నేను బయట కుర్చీలో కూర్చుంటాను. లోపల ఏం జరిగిందో చివర రెండు ముక్కలు చెప్తారు. అది నచ్చడం లేదు, నిజమే. అలాగని మొత్తం బరువు నాకు ఇచ్చేస్తే మోయలేను.

వారానికి 40 గంటలు ఉంటేనే ఫలితం అని కూడా చెప్పారు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

తెనాలి లెక్కల మాస్టారు

ఆ 40 గంటల సంగతి నాకు తెలుసమ్మా, చెప్తాను. 1987లో అమెరికాలో లొవాస్ అనే ప్రొఫెసర్ ఒక పేపర్ వేశారు. చిన్నపిల్లలు 19 మందికి వారానికి 40 గంటలు ఒక్కొక్కరికీ విడిగా శిక్షణ ఇస్తే 9 మంది మామూలు పిల్లల స్థాయికి వచ్చారని రాశారు. అప్పటి నుంచి ఆ 40 అంకె ప్రపంచమంతా తిరుగుతోంది. కానీ అందులో పిల్లల్ని లాటరీ వేసి గుంపులు చెయ్యలేదు. గట్టిగా కసరడం, తొడ మీద చరవడం లాంటివి కూడా ఆ పద్ధతిలో ఉండేవి. ఇప్పుడు అలాంటివి ఎవరూ ఒప్పుకోరు. 40 గంటలు కొనలేకపోయామని ఏ తల్లీ కుమిలిపోవాల్సిన పని లేదు.

ఇక మన పేపర్. నేను లెక్కలవైపు నుంచి చూస్తాను. తేడా ఎంత పెద్దదో చెప్పడానికి ఎఫెక్ట్ సైజు అని ఒక కొలత ఉంది. 0.2 అంటే చిన్న తేడా, 0.5 మధ్యరకం, 0.8 దాటితే పెద్దది అని వాడుక. తల్లిదండ్రుల తీరులో మార్పు 1.61 వచ్చింది. పిల్లలు తమంతట తాము చొరవ చూపడంలో 0.99. కలిసి ధ్యాస పెట్టడంలో మైనస్ 0.70.

1.61 చూసి నేను సంబరపడను. ఏది నేర్పారో అదే కొలిచారు, పెరగడంలో ఆశ్చర్యం లేదు. నాకు విలువైనదిగా కనిపించింది 0.99. ఎందుకంటే పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పలేదు. పెద్దవాళ్లు మారితే పిల్లల వైపు నుంచి అది దానంతట అదే వచ్చింది. అయితే 65 మంది అంటే చిన్న సంఖ్య. ఆ రెండు ఊళ్లలో వచ్చింది ప్రతి ఇంట్లో అంతే వస్తుందని అనుకోకూడదు. ఆటిజం తగ్గిందని కూడా ఆ పేపర్ చెప్పడం లేదు. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే రేపు ఎవరో ఒకరు దీన్ని పట్టుకుని "12 క్లాసుల్లో ఆటిజం మాయం" అని బోర్డు పెడతారు.

బ్రాడీపేట లెక్చరర్

మాస్టారు గారూ, ఆ జాగ్రత్త అవసరమే. దీనికి ముందు కథ కూడా ఉంది. పాస్ అనేది ఇంగ్లండ్‌లో పుట్టిన ప్యాక్ట్ అనే పద్ధతిని మన దేశాలకు తగ్గట్టు మార్చింది. ప్యాక్ట్‌ను లండన్, మాంచెస్టర్, న్యూకాజిల్‌లలో 152 మంది చిన్నపిల్లలతో చేశారు. 2010లో ఫలితాలు వచ్చినప్పుడు తల్లిదండ్రుల తీరు మారింది కానీ ఆటిజం లక్షణాల కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చాలామంది నిరాశపడ్డారు. తర్వాత సుమారు ఆరేళ్లకు అదే పిల్లల్లో 121 మందిని మళ్లీ చూశారు. ప్యాక్ట్ అందిన గుంపులో తీవ్ర లక్షణాలున్నవాళ్లు మొదట 55 శాతం, తర్వాత 46 శాతం. అందని గుంపులో మొదట 50 శాతం, తర్వాత 63 శాతం. ఇది 2016లో లాన్సెట్‌లో వచ్చింది. మొదటి ఫలితాల్లో లక్షణాలు తగ్గలేదని వదిలేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

భవానీపురం అమ్మా, మీరన్నది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. దివాన్ గారిదే 2012లో ఇంకో పేపర్ ఉంది. గోవాలో ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడించి రాసింది. పిల్లాణ్ణి నలుగురిలో ఇమిడ్చాలని పడే పాట్లు, తర్వాత పెళ్లిళ్లు, పేరంటాలు మానేసి ఇంటికే పరిమితం కావడం, ఎవరినడగాలో తెలియకపోవడం, అన్నీ ఉన్నాయి అందులో. ముందు మీలాంటివాళ్ల మాట విని, ఆ తర్వాతే పాస్ పని చేశారు. అందుకే తల్లిని ఒంటరిగా వదలకుండా పక్కన ఒక మనిషిని పెట్టారు. 12 సార్లు వచ్చి కూర్చునే ఆ మనిషి లేకుండా "నువ్వే చెయ్యి" అంటే అది పాస్ కాదు.

స్పీచ్ థెరపిస్ట్, పటమట

నేను విజయవాడలో స్పీచ్ థెరపీ చేస్తాను. ఈ చర్చలో నాకు కొంచెం ఇబ్బంది ఉంటుందని మీరు అనుకోవచ్చు, మా పొట్ట కొట్టే పేపర్ అని. నేనలా చూడటం లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లాడు వారంలో రెండు మూడు గంటలు నాతో ఉంటాడు. మిగతా మెలకువ సమయమంతా మీతోనే. ఆ సమయంలో ఏం జరుగుతుందన్నదే నాకు కావాలి.

ఈ పద్ధతిలో అసలు ఏం చేస్తారో వివరంగా చెప్తాను, ఎందుకంటే పేరు విని చాలామంది "తల్లికి థెరపీ నేర్పడం" అనుకుంటారు. అది కాదు.

అమ్మా పిల్లాడూ కాసేపు ఆడుకుంటుంటే ఫోన్‌లో వీడియో తీస్తారు. మహా అయితే పది నిమిషాలు. తర్వాత ఆ వీడియోను అమ్మ, కార్యకర్త కలిసి చూస్తారు. తప్పులు వెతకడానికి కాదు. ఎక్కడ పిల్లాడు ఒక్క క్షణం చూశాడో, ఎక్కడ చెయ్యి చాపాడో, ఎక్కడ చిన్న శబ్దం చేశాడో ఆ చోటు ఆపుతారు. "ఇక్కడ ఏం జరిగింది? దీనికి ముందు మీరేం చేశారు?" అని అమ్మనే అడుగుతారు. అమ్మే కనిపెడుతుంది. అది చాలా ముఖ్యం. ఎవరో చెప్తే వినడం వేరు, తన పిల్లాడు తన వైపు తిరిగిన క్షణాన్ని తనే తెర మీద చూడటం వేరు.

మన ఇళ్లలో ఎలా ఉంటుందంటే, పిల్లాడు డబ్బా మూత నేల మీద గిర్రున తిప్పుతూ కూర్చుంటాడు. మనం వెనక నుంచి వెళ్లి "ఇదేంటి నాన్నా? ఏం రంగు? చెప్పు, చెప్పు, మూత అను" అంటాం. ఐదారు ప్రశ్నలు వరసగా. పిల్లాడు పక్కకు తిరుగుతాడు. మూత లాక్కుని ముక్కలు పేర్చే ఆట చేతిలో పెడతాం. ఏడుస్తాడు. అక్కడితో ఆట అయిపోతుంది.

దాని బదులు ఎదురుగా నేల మీద కూర్చోండి, మొహం కనిపించేలా. ఏమీ అడగొద్దు. వాడు తిప్పితే "గిర్ర్ర్" అనండి, అంతే. ఆగండి. చాలాసేపు అనిపించినా ఆగండి. ఇంకో మూత తీసుకుని మీరూ తిప్పండి. ఎప్పుడో ఒకప్పుడు వాడు ఓరకంటితో చూస్తాడు. ఆ చూపుకు మీరు జవాబివ్వాలి, నవ్వుతూనో "మళ్లీ గిర్ర్ర్" అంటూనో. తర్వాత మెట్లు ఉంటాయి: చిన్న చిన్న మాటలు కలపడం, రోజూ ఒకేలా జరిగే ఆటలో మధ్యలో ఆగి ఎదురుచూడటం. ఉయ్యాల ఊపుతూ "ఒకటి, రెండు..." అని ఆగి చూడటం అలాంటిదే. రోజుకు అరగంట చాలు. మిగతాది స్నానం, అన్నం, బట్టలు వేసుకోవడం లాంటి పనుల్లో కలిసిపోతుంది.

కలిసి ధ్యాస పెట్టే సమయం ఎందుకు తగ్గిందని మాస్టారు అడుగుతారేమో. నా అనుభవం నుంచి నా అభిప్రాయం చెప్తాను. మొదట్లో పెద్దవాళ్లు వెనక్కి తగ్గడం నేర్చుకుంటారు. ఇంతకు ముందు బలవంతంగా మొహం తిప్పి "ఇటు చూడు" అని తెచ్చిన ధ్యాస తగ్గుతుంది. సొంతంగా వచ్చేది ఇంకా పూర్తిగా రాలేదు.

మంగళగిరి మగ్గం

అండీ, నేను నేతపని చేస్తాను. చదువు తక్కువ. మా బాబుకి ఐదేళ్లు, మాటలు లేవు. నాకూ మా ఆవిడకూ రోజూ అరగంట ఆడుకోవడానికి కూర్చోవడం కష్టం. వాడు పొద్దంతా మగ్గం దగ్గరే ఉంటాడు. నాడె (పేక దారం తీసుకెళ్లే పనిముట్టు) అటూ ఇటూ పోతుంటే కళ్లు తిప్పకుండా చూస్తాడు. ఎవరు పిలిచినా పలకడు. నేను నాడె ఆపితే మాత్రం తలెత్తి నా మొహం చూస్తాడు. మళ్లీ ఆడిస్తే మళ్లీ దాన్నే చూస్తాడు. అలా చూడనివ్వడం మంచిది కాదని, ఇంకా లోపలికి పోతాడని మా వాళ్లు అన్నారు. మగ్గం దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఏం చెయ్యాలో చెప్పండి.

స్పీచ్ థెరపిస్ట్, పటమట

అన్నా, దయచేసి రానివ్వండి. మీరు నాడె ఆపినప్పుడు తలెత్తి చూస్తున్నాడంటే "మళ్లీ ఆడించు" అని మిమ్మల్నే అడుగుతున్నాడు. మాట లేకపోయినా అది అడగడమే. పాస్ పేపర్లో 0.99 అని మాస్టారు చెప్పిన అంకె ఉంది చూడండి, వాళ్లు లెక్కపెట్టింది ఇలాంటివాటినే.

చెయ్యాల్సింది చాలా తక్కువ. రోజులో కొన్నిసార్లు కావాలనే ఆపండి. వాడు చూసేదాకా ఆగండి. చూడగానే "టక్" అనో, మీ నోటికి ఏ శబ్దం అలవాటో అదే అని ఆడించండి. ప్రతిసారీ అదే శబ్దం. కొన్నాళ్లకు వాడు చెయ్యి ఊపొచ్చు, శబ్దం చెయ్యొచ్చు, మీ చెయ్యి పట్టుకుని నాడె మీద పెట్టొచ్చు. ఏది చేసినా వెంటనే ఆడించండి. "టక్ అను" అని అడగొద్దు. మీ పని ఆగదు, ప్రత్యేకంగా కూర్చోనక్కర్లేదు. వేళ్లు నలగకుండా మాత్రం చూసుకోండి.

అరండల్‌పేట కోడర్ (గుంటూరు)

నేను ఆటిజం ఉన్నవాణ్ణి. పెద్దయ్యాకే తెలిసింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ అందరూ తల్లిదండ్రులే కాబట్టి నా వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది.

నాకు ఈ పరిశోధనలో నచ్చింది, మొదట మారమని అడిగింది పిల్లాణ్ణి కాదు. చిన్నప్పుడు నన్ను అందరూ మొహంలోకి చూడమనేవాళ్లు. చూస్తే వాళ్ల మాటలు నా తలకెక్కేవి కావు. వినాలంటే పక్కకు చూడాలి. అది ఎవరికీ అర్థం కాలేదు. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆయన, ఆయనకూ ఆటిజం ఉంది, ఒక వ్యాసం రాశారు. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే లేదు, రెండు వైపులా ఉంది, ఆటిజం లేనివాళ్లకు కూడా మేం అర్థం కావడం లేదు అని. తర్వాత 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఒకరి నుంచి ఇంకొకరికి కథ చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లయిన వరసలో కథ ఎంత బాగా చేరిందో, ఎవరికీ ఆటిజం లేని వరసలోనూ అంతే బాగా చేరింది. రెండు రకాలవాళ్లు కలిసిన వరసలోనే ఎక్కువ పోయింది.

అందుకని మీ అందరికీ నా విన్నపం ఒకటే. మూత తిప్పడం, నాడె చూడటం లాంటివాటిలో మాతో కలిసినట్టే కలిసి, చివరికి వాటినే మానిపించడానికి ఎరగా వాడకండి. అవి మాకు నిజంగా ఇష్టం. పిల్లాడు మీతో పంచుకుంటున్నది అదే.

తెనాలి లెక్కల మాస్టారు

బాబూ, చాలా మంచి మాట చెప్పావు. ఒక ప్రశ్న. అన్నం తినకుండా, నిద్రపోకుండా, తల గోడకు కొట్టుకునే పిల్లలున్నారు. మా అన్నయ్య మనవడు అలాగే చేస్తాడు. వాళ్ల విషయంలో కూడా పిల్లాడి ఇష్టాన్ని అనుసరించడమేనా?

అరండల్‌పేట కోడర్

కాదు సార్. తల కొట్టుకుంటున్నాడంటే నొప్పో, భయమో, శబ్దమో ఏదో ఉంది. ముందు అది కనుక్కోవాలి. చెవి, పళ్లు, కడుపు చూపించాలి. ఆపాల్సింది ఆపాలి. నేను చెప్పింది ఎవరికీ హాని లేని ఇష్టాల గురించి.

బ్రాడీపేట లెక్చరర్

దీనికి ఒకటి కలుపుతాను. పాస్‌లో ఇలాంటి అవసరాలకు చోటు తక్కువని గోవా బృందానికి కూడా తెలుసు. అందుకే తర్వాత పాస్ ప్లస్ అని, ప్రవర్తన ఇబ్బందులు, శబ్దం, స్పర్శ భరించలేకపోవడం లాంటివి కూడా చేర్చి తయారుచేశారు.

సత్యనారాయణపురం అమ్మమ్మ (విజయవాడ)

మా మనవరాలి కోసం చదువుతున్నాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. పిల్ల నా దగ్గరే ఉంటుంది. అమ్మానాన్నలకు నేర్పారంటున్నారు, నాలాంటి వాళ్ల సంగతేమిటి? ఇంకొకటి. స్కూలు వాళ్లు ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడమన్నారు, రెండు భాషలైతే పిల్ల గందరగోళపడుతుందట. నాకు ఇంగ్లీషు రాదు. అప్పటి నుంచి పిల్లతో మాట్లాడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

పిల్లల డాక్టర్, కొత్తపేట (గుంటూరు)

అమ్మా, మీరు తెలుగులోనే మాట్లాడండి. ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. కెనడాలో హాంబ్లీ, ఫాంబోన్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న 75 మంది పిల్లల్ని చూసి 2012లో రాశారు. రెండు భాషలు వినే పిల్లలు ఒకే భాష వినే పిల్లల కంటే భాషలో వెనకబడలేదు. తర్వాత వచ్చిన పరిశోధనలూ అదే వైపు ఉన్నాయి. పైగా మీకు రాని భాషలో ఏం మాట్లాడగలరు? "కమ్", "సిట్", "ఈట్" అని ఆజ్ఞలే మిగులుతాయి. ఇంట్లోవాళ్లు నోరు కట్టేసుకుంటే పిల్లకు అసలు మాటే వినపడదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ సలహా వల్ల మూగబోయిన ఇళ్లు చూశాను. నాకు చాలా బాధగా ఉంటుంది.

పెద్దవాళ్ల సంగతి: పిల్లతో ఎక్కువసేపు ఎవరుంటే వాళ్లే నేర్చుకోవాలి. మీరే నేర్చుకుని అమ్మాయికి, అల్లుడికి చూపించండి.

గొల్లపూడి నాన్న

డాక్టరు గారూ, మీరున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఒక చోట స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే ఆటిజం తగ్గుతుందన్నారు. లక్షల్లో ఖర్చు. పొలం అమ్ముదామా అని ఆలోచిస్తున్నాం. ఇంకో బంధువు టీకాల వల్లే వచ్చింది, చిన్నవాడికి వేయించొద్దు అంటున్నాడు.

పిల్లల డాక్టర్, కొత్తపేట (గుంటూరు)

పొలం అమ్మకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చెయ్యదగింది కాదని, చెయ్యడం, ప్రచారం చేసుకోవడం వృత్తి నియమాలకు విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది.

టీకాల మాట 1998లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన పేపర్ నుంచి వచ్చింది. ఆ పేపర్‌ను లాన్సెట్ 2010లో వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన పేరు వైద్యుల జాబితా నుంచి కొట్టేశారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని చూసి 2019లో రాసిన పేపర్లో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. చిన్నవాడికి టీకాలు వేయించండి.

ఆ డబ్బులో కొద్దిగా మీ ప్రయాణాలకు, మంచి థెరపిస్టు దగ్గర వీడియో చూపించుకోవడానికి పెట్టండి. ఒక్క విషయం. బాబుకి వినికిడి పరీక్ష చేయించారా? చేయించకపోతే ముందు అది.

గొల్లపూడి నాన్న

చేయించాం సార్, బాగానే ఉంది. చాలా థాంక్స్ అండీ. ఇంట్లో చూపిస్తాను ఇది.

భవిత టీచర్, గుంటూరు జిల్లా

నేను మండల భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) పనిచేస్తాను. మన దగ్గర పిల్లలు తక్కువేం కాదు. 2018లో ప్లాస్ మెడిసిన్‌లో వచ్చిన సర్వేలో దేశంలో ఐదు చోట్ల 3,964 మంది పిల్లల్ని చూశారు, అందులో హైదరాబాద్ ఒకటి. ఆటిజం వందకు ఒకరి దరిదాపుల్లో ఉంది. ఆ లెక్కన నిపుణులు ఎక్కడ సరిపోతారు? కాబట్టి డాక్టరు కాని మనిషికి శిక్షణ ఇచ్చి చేయించిన గోవా పద్ధతి మాలాంటి వాళ్లకు చాలా అవసరం. మాకు శిక్షణ ఇస్తే ఇళ్లకు వెళ్లి చెయ్యడానికి నేను సిద్ధం. కానీ పైన చూసే నిపుణులు ఉండాలి. ఆ రెండోది లేకుండా మొదటిది మాత్రమే చేస్తే పిల్లలకు నష్టం.

కాగితాల గురించి చాలామంది విడిగా అడుగుతున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే వైద్య పరీక్ష) స్లాట్ సచివాలయంలో తీసుకోవచ్చు. పరీక్షలో ఐఎస్ఏఏ అనే ప్రశ్నావళి వాడతారు, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది, 40 అంశాలు ఉంటాయి. మొత్తం మార్కులు 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. ఇంట్లో జరిగేది ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పిల్లాడు ఆ రోజు బాగున్నాడని తగ్గించి చెప్పకండి. నేషనల్ ట్రస్ట్ (కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకు కూడా కొంత వస్తుంది.

భవానీపురం అమ్మ (విజయవాడ)

మేడం, నిన్న రాత్రి మా ఆయనకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. పక్కన మనిషి లేకుండా నువ్వే చెయ్యి అంటే అది పాస్ కాదు అన్న మీ మాట రెండుసార్లు చదివించుకున్నారు. వీడియో తను తీస్తానన్నారు. నేను అడిగేది ఒకటి: మేం తీసిన వీడియో ఎవరు చూస్తారు? మా సెంటర్‌లో అడిగితే వాళ్లు ఏమంటారో.

స్పీచ్ థెరపిస్ట్, పటమట

అడగండి. తల్లి లోపలికి రావడం, చూడటం మీ హక్కు. మంచి థెరపిస్టు ఎవరూ కాదనరు. గట్టిగా కాదంటే ఆ చోటు గురించి మీరు ఆలోచించుకోవాలి.

నా వంతుగా ఒకటి చెయ్యగలను. నెలలో ఒక ఆదివారం ఉదయం విజయవాడలో మూడు నాలుగు కుటుంబాలతో కూర్చుని వీడియోలు చూస్తాను, డబ్బులు వద్దు. ఇది పాస్ అని నేను చెప్పుకోను, ఆ శిక్షణ నేను తీసుకోలేదు. ఆ పద్ధతిలో మనకు పనికొచ్చేది చేద్దాం. మంగళగిరి అన్నా, మీరు తప్పకుండా రండి, మగ్గం దగ్గర బాబు వీడియో తీసుకురండి. సత్యనారాయణపురం అమ్మమ్మ గారూ, మీరూ.

తెనాలి లెక్కల మాస్టారు

నేను ఒక పని చేస్తాను. ప్రతి కుటుంబం మొదటి వీడియోలో పిల్లాడు తనంతట తాను ఎన్నిసార్లు చొరవ చూపాడో లెక్కపెట్టి రాసి ఉంచుతాను, ఆరునెలల తర్వాత మళ్లీ. ఇది పరిశోధన అనిపించుకోదు. పోల్చడానికి ఇంకో గుంపు లేదు, వయసుతో వచ్చే మార్పు కూడా అందులో కలిసిపోతుంది. కానీ ఇంట్లో వాళ్లు "ఏం మారలేదు" అన్నప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మంగళగిరి మగ్గం

వస్తానండీ. ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను. వీడియోలు ఈ గ్రూపులో పెట్టమంటారా?

స్పీచ్ థెరపిస్ట్, పటమట

వద్దన్నా. ఇక్కడ కాదు, వాట్సాప్ గ్రూపుల్లోనూ కాదు. మీ ఫోన్‌లోనే ఉంచుకుని వచ్చినప్పుడు చూపించండి. పిల్లల వీడియో ఒకసారి బయటికి వెళ్తే తిరిగి రాదు, పెద్దయ్యాక వాళ్లకు ఇష్టం ఉండకపోవచ్చు. మాస్టారు గారూ, మీ లెక్కలు కూడా ఆ గదిలోనే, మీ పుస్తకంలో పిల్లల పేర్లు రాయకండి.